ఓడినోళ్లే వండాలె

ఒమన్ దేశంల ఇబ్రి అనే ఊర్ల మేమాడే శుక్రవారం వాలీబాల్‌కు రూలు ఒక్కటే ఉండె. ఓడినోళ్లు వండాలె, గెలిచినోళ్లు తినాలె. ఓడిన లేబర్ క్యాంపోళ్లు పై శుక్రవారం పగటీలి చాప పరిచి, గెలిచిన ఆరుగురిని, వాళ్ల వెంబడి వచ్చిన తిండిపోతులను వరుసకు కూసోబెట్టి, గిన్నె అడుగంటేదాక వడ్డించాలె. ఈ రూలు ఎవడు పెట్టిండో నాకు తెల్వది, నేను పోయేసరికే ఉండె. కప్పు లేదు, మెడల్ లేదు. అంపైర్‌కు విజిల్ సుత లేకుండె, నోట్లె రెండు వేళ్లు పెట్టుకోని ఈల ఊదేటోడు.

నేను బిల్డింగులు కట్టే కంపెనీల స్టోర్ కీపర్‌ను. సిమెంటు సంచులు, బూట్లు, గ్లౌజులు లెక్కవెట్టి ఇచ్చుడు నా డ్యూటీ. బంతి ముట్టుడు నాకు రాదు. కని రాసుడు వస్తది, నోరు పెద్దది, అందుకే టీమ్ మేనేజర్‌ను చేసిండ్రు. కోపం నాకు ముక్కు మీదనే ఉంటది. గీత మీద పడ్డ బంతిని బయట పడ్డదన్న ఒక వెల్డర్‌తోని నేను ఇప్పటికీ మాట్లాడ.

మా టీమ్‌కు పెద్ద దిక్కు ఒక మేస్త్రి. జగిత్యాల దిక్కు మనిషి, యాభైకి దగ్గర పడ్డడు. గోడ కడితే తాడు పట్టి చూసినా వంకర దొరుకది. ఆటల నెట్ కాడ నిలవడి, షాట్ కొట్టేటోనికి బంతిని పైకి లేపి ఇచ్చేది ఆయననే. ఇగ వంట సంగతి చెప్పేదే లేదు. మా రూముల ఎనిమిది మందిమి. వంతులు వేసుకున్నమని పేరే కని, ఎవని వంతు వచ్చినా మొదటి బుక్క పెట్టుకోంగనే ఒకని మొఖం ఒకడు చూసుకునేది, పై పూటకు మల్ల గరిటె ఆయన చేతికే పోయేది. గిట్ల పదకొండేండ్లు నడిసింది. నేను ఆయనను కాక అంటుంటి, ఆయన నన్ను స్టోరోడా అంటుండె.

రోడ్డు దాటితే ఇంకో కంపెనీ క్యాంపు. అండ్ల కడప దిక్కు పిల్లగాళ్లు. మా క్యాంపు గేటు నుంచి వాళ్ల గేటుకు నలభై అడుగులు ఉంటయేమో. వాళ్లకు మాకు ఏడాదికొక పెద్ద మ్యాచ్, వంట రూలు దానికే, మిగిలిన శుక్రవారాలు ఉత్త ఆటే. ఆ దినం సూక్ బజార్ల కూరగాయలమ్మే బెంగాలీ సుత దుకాణం బంద్ పెట్టి వచ్చేటోడు. నాలుగేండ్లు ఆడినం, నాలుగేండ్లు ఓడినం. ఓడే తీరు సుత ఒక్క తీరే. ఆఖరి సెట్టు దాక సమానంగ పోతం, ఇగ ఆఖరి నాలుగు పాయింట్ల కాడ వాళ్లకు పూనకం వచ్చేది. మోకాళ్లు చెక్కుకపోయినా సరే అని రాళ్ల నేల మీద పడి బంతి లేపేది. పాయింటుకు గింత ప్రాణం పెడుతరా అని నేను పండ్లు కొరుక్కుంటుంటి.

పై శుక్రవారం కాక బగారన్నం, మటన్ వండేటోడు. కడపోళ్లు వేళ్లు నాకుకుంట తిని, పెద్దాయనా నీ చేతిల ఏముందో అని మెచ్చుకోని పోయేది. ఆయన నవ్వేటోడు కని లోపల కోరిక ఒకటి ఉండె. ఒకసారి అంట్లు కడుగుకుంట నాతోని చెప్పిండు.

"ఒక్కపారి వాళ్లు వండంగ నేను కూసోని తినాలెరా స్టోరోడా. చేతులు కడుక్కోని కూసుంటే ఎవలన్న వడ్డియ్యాలె. ఒకలు పెట్టంగ తిని పదకొండేండ్లాయె."

మరి సెలవు మీద ఇంటికి పోయినప్పుడో అంటే తలకాయ ఊపిండు. ఊర్లె దిగంగనే, మస్కట్ వంటనట కదా జర మాకూ రుచి చూపియ్యమని చుట్టాలందరు ఇంటి ముంగట జమైతరట. ఆఖరికి ఆయన పెండ్లాం సుత గరిటె ఆయన చేతికే ఇచ్చిందట.

రెండువేల ఎనిమిది చలికాలం వచ్చేసరికి పనులు సల్లవడ్డయి. సైట్లు ఒక్కటొక్కటే ఆగినయి. ఇంటికి పంపేటోళ్ల లిస్టుల కాక పేరు వచ్చింది. వీసా క్యాన్సల్, చలికాలం పోకముందే ప్రయాణం. ఆయన కడపోళ్లతోని మ్యాచ్ ఎప్పుడున్నది అని ఒక్కటే అడిగిండు. జనవరి ఆఖర్ల అని చెప్పిన. ఈసారి మా టీమ్‌ల షాట్ కొట్టేటోడు కొత్తగ వచ్చిండు, కొడితే బంతి నేల తవ్వుతది. ఈసారి తిండి ఖాయం కాకా అన్న.

ఇగ గప్పుడు దాపురించిండు కార్గో దుకాణమాయన. ఇంటికి డబ్బాలు పంపేటోళ్ల సామాను ఓడలెక్కిచ్చేది ఆయన వ్యాపారం, దుకాణం మస్కట్ పక్కన అల్ ఖౌద్‌ల. ఆయన సొంతంగ ఒక లీగు పెట్టిండు, అన్ని మస్కట్ చుట్టుపక్కల టీములు. పచ్చగ మెరిసే జెర్సీ ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పరిచిండు. అసలు నెట్టు, విజిల్ ఊదే అంపైరు, నడుమెత్తు కప్పు, గ్రౌండ్ బయట ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద మేనేజర్ల ఫోటోలు ఉంటయని నొక్కి చెప్పిండు. ఎదుటి క్యాంపోళ్లకు ఇప్పుడే చెప్పకండి అని లోగొంతుతోని అన్నడు.

టీములు లీగులు ఎందుకు మారుతయని ఎవలన్న నన్ను అడిగితే నేను ఇప్పుడు బల్లగుద్ది చెప్త. ఆట కోసం మాత్రం కాదు. కార్గో ఆయనకు ఇబ్రిల ఒక్క డబ్బా దొరుకుతలేదు. మా వీపుల మీద ఆయన దుకాణం పేరు ఎక్కితే ఇబ్రి మొత్తం ఊరేగుతది, అది ఆయన లెక్క. మా ఆట ఆయన ఒక్కనాడన్న చూసిన పాపాన పోలే. మా పిల్లగాళ్లకు జెర్సీ కావాలె. మరి నాకు? సిగ్గు విడిచి చెప్తున్న, నాకు ఫ్లెక్సీ మీద నా ఫోటో కావాలె. మీసం దువ్వుకోని అప్పటికే ఒకటి దింపుకొచ్చిన. అండ్ల కడపోళ్లను ఇబ్రి దుమ్ముల విడిచిపెట్టి మేము పెద్ద లీగుకు పోవుడంటే ఆ మజానే వేరు.

కాక ఒక్క ముచ్చట అడిగిండు. ఆ లీగుల వంట ఉంటదా? రూలు బుక్కు నాలుగు పేజీలున్నది, మొత్తం తిరగేసిన. వంట లేదు, పాయింట్లున్నయి అని చెప్పిన.

"పాయింట్లు ఏం చేసుకుంటర్రా, కూరల వేసుకుంటరా?" అన్నడు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు, మనం ఇంటనే గెలువకపోతిమి అని సుత అన్నడు. నాకు చర్రుమన్నది. ఎప్పుడూ గీ రాళ్ల మీదనేనా మన బతుకు అని అందరి ముంగట లొల్లి చేసిన. ఆయన, అందరు ఎట్లంటే గట్లనే అన్నడు. నేను లీగు కాయితం మీద సంతకం పెట్టిన. పెట్టినంక యాదికొచ్చింది, ఈ లీగుల చేరినోళ్లు ఇంకెక్కడా ఆడొద్దని రూలు బుక్కుల ఉన్నదని, ఇబ్రి ఆట విడిస్తే కడపోళ్లతోని మ్యాచ్ లేదని, కాకకు ఉన్న ఆఖరి అవకాశం నేనే చింపేసిన్నని. యాదికొచ్చినా నోరు మెదపలే. ఫ్లెక్సీ అప్పటికే అచ్చుకు పోయింది.

మొదటి మ్యాచ్ శుక్రవారం పొద్దుగాల. అల్ ఖౌద్ మూడు గంటల తొవ్వ, తెల్లారకముందే కిరాయి వ్యాన్ల బయలెల్లినం. నిజ్వా ఊరు దాటినంక డ్రైవర్, ఇబ్రి సంది ఒక వ్యాను మన ఎనుకనే వస్తున్నది అన్నడు. మస్కట్ తొవ్వ ఎవని అబ్బ సొత్తు, రానీ అన్న.

గ్రౌండ్ కాడ మేము దిగినం. మా ఎనుకనే ఆ వ్యాను ఆగింది. అండ్లకెల్లి ఎర్ర జెర్సీలు ఒక్కొక్కటే దిగినయి. కడపోళ్లు. మా వీపు మీదున్న దుకాణం పేరే వాళ్ల వీపు మీద. వాళ్ల కెప్టెన్ ఎలక్ట్రీషియన్, సన్నగ పొడుగ్గ ఉంటడు. నన్ను చూసి కరెంటు కొట్టినట్టు నిలవడ్డడు. వాళ్లకు సుత, ఎదుటి క్యాంపోళ్లకు చెప్పకండి అని అన్నడట ఆ మహానుభావుడు. ఇబ్రోళ్లు ఇబ్రోళ్లు మొదలు కొట్టుకుంటే ఒక పని అయిపోతదని మా రెండు టీములకే మొదటి మ్యాచ్ పెట్టిండు. నలభై అడుగులు నడిస్తే అయిపోయే ఆటకు రెండు వ్యాన్లేసుకోని పర్వతాలు దాటి వచ్చినం. ఫ్లెక్సీ మీద నా ఫోటో పక్కనే ఆ ఎలక్ట్రీషియన్ ఫోటో, తోడబుట్టినోళ్ల తీరు.

కాక ఒక్కడే సంబురపడ్డడు. బూటు దారాలు గట్టిగ కట్టుకోని, వచ్చిండ్రురా అని నా భుజం చరిచిండు.

ఆ పొద్దు మేము గెలిచినం. ఆఖరి సెట్టు, ఆఖరి నాలుగు పాయింట్లు. పూనకం ఇప్పుడొస్తది అప్పుడొస్తదని నేను గుండె పట్టుకోని చూస్తున్న, రాలే. ఒక్కడన్న నేల మీద పడలే. కాక లేపిన ఆఖరి బంతిని మా కొత్త పిల్లగాడు వాళ్ల నడుమ దించిండు. మావోళ్లు ఎగిరి దుంకుతుంటే కాక నల్ల కాడికి పోయి, సుబ్బరంగ చేతులు కడుక్కోని, తుడుచుకుంట వాళ్ల కెప్టెన్ కాడికి నడిసిండు. నాకు పై బుధవారం ఫ్లయిట్, అంతకన్న ముందే పెట్టాలె, ఏ దినం పెడుతరు అని నవ్వుకుంట అడిగిండు.

ఆ పిల్లగాడు నేల చూపులు చూసిండు. ఈడ ఆ రూలు లేదు గదా పెద్దాయనా అని మెల్లగ అన్నడు.

కాక నా దిక్కు తిరిగిండు. కోపంగ కాదు. రూలు బుక్కు నా జేబులనే ఉన్నది కదా, వాడు తప్పు చెప్తుండేమో నువ్వు చెప్పు అన్నట్టు చూసిండు. తప్పు కాదు. నేనే చదివిన, నేనే సంతకం పెట్టిన. ఎనుకకొచ్చేటప్పుడు మూడు గంటలు ఆయన కిటికీ అవుతల కొండలు చూసుకుంట కూసున్నడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండు, తిట్టలే. నా మీద నాకే అసహ్యమేసింది.

శనివారం డ్యూటీ కాంగనే రోడ్డు దాటిన. ఎలక్ట్రీషియన్‌ను బయటికి పిలిచి, నాలుగేండ్లు మా కాక చేతి తిండి తిని గిదారా మీ విశ్వాసం అని మొదలుపెట్టిన. ఇంక చానా ఉండె నా కాడ. ఆ పిల్లగాడు నా చెయ్యి పట్టుకోని నీళ్ల ట్యాంకు ఎనుకకు గుంజకపోయిండు.

"అన్నా, అరవొద్దన్నా. మాకు వంట రాదు. ఒగనికీ రాదు."

వాళ్లది కంపెనీ మెస్సు. మూడు పూటలు డబ్బాలల్ల వస్తది, తింటరు, పంటరు. ఒకసారి ఎవనిదో పుట్టినరోజని గుడ్లు ఉడికిస్తే గిన్నె కాలింది కని గుడ్డు ఉడుకలేదట. ఓడితే వండాలె, వండితే పరువు పోతది. ఆ భయంతోనే నాలుగేండ్లు నేల మీద పడి పడి గెలిచిండ్రట. ఈసారి మా కొత్త పిల్లగాని షాట్ చూసి వాళ్లకు చెమటలు పట్టినయి. గప్పుడే కార్గో ఆయన వాళ్ల కాడికి పోయిండు. రూలు బుక్కుల వంట లేదని చూసి, మిగిలింది చదువకనే సంతకం పెట్టిండ్రట. నిన్న మొదటిసారి భయం లేకుంట ఆడినామన్నా, శానా హాయిగా ఉండింది అన్నడు.

నేను నవ్విన నవ్వుకు ట్యాంకు ఎనుక కింద కూలవడ్డ. నవ్వు ఆగినంక కాక ముచ్చట చెప్పిన. ఎవలన్న పెట్టంగ తిని పదకొండేండ్లైందని, బుధవారం పోతే మల్ల రాడని. ఆ పిల్లగాడు గోరు కొరుక్కుంట, ఆయప్ప మా వంట తింటాడా అన్నా అని అడిగిండు. తినేది ఆయన, నీకెందుకు, నువ్వు వండు అన్న.

ఈ నడుమల కాక తన సామాను డబ్బా కార్గో ఆయనకే ఇచ్చిండు. జెర్సీ ఇచ్చిండు పాపం అన్నడు. ఆ చలికాలం ఇబ్రి నుంచి ఆ దుకాణానికి దొరికిన డబ్బా అదొక్కటే.

మంగళవారం పొద్దూకంగ కాకను తీసుకోని రోడ్డు దాటిన. ఇస్త్రీ అంగి వేసుకున్నడు. వాళ్ల రూముల చాప పరిచి ఉన్నది. పొగకు కండ్లు మండుతున్నయి. ఎవడో ఫోన్‌ల ఇంట్ల వాళ్ల అమ్మను అడుగుతున్నడు, సంగటి గట్టిపడితే ఏం చెయ్యాలె అని. మాడు వాసన వచ్చింది. కాక ముక్కు ఎగబీల్చి, మంట తగ్గియ్యిండ్రా అనుకుంట లేవబోయిండు. నేను రెండు భుజాలు పట్టి ఒత్తిన.

"కూసో కాకా. ఇయ్యాల నీది కాదు."

కూసున్నడు. కంచం వచ్చింది. రాగి సంగటి, కోడికూర. అందరు గోడకు ఆనుకోని నిలవడ్డరు. ఆయన మెల్లగ ఒక ముద్ద నమిలిండు, ఇంకోటి నమిలిండు. ఎలక్ట్రీషియన్ గరిటెతోని ముంగటికొచ్చి, ఎట్లుంది పెద్దాయనా అన్నడు.

"ముద్దల పచ్చిపిండి ఉన్నది. ఉప్పు ఎక్కువైంది. కోడి ఇంకా పానంతోనే ఉన్నది," అని కంచం ముంగటికి జరిపిండు. "ఇంకింత పెట్టు."

ఆ పిల్లగాడు పెట్టిండు. కాక తలకాయ వంచుకోని తిన్నడు. కండ్లు తుడుచుకుంట, గీ పొగకేరా అన్నడు. గిన్నె అడుగంటేదాక లేవలే. ఆఖర్ల చెయ్యి కడుక్కోను బయటికి పోబోతుంటే, వద్దని కంచంలనే ఆయన చేతి మీద నేను నీళ్లు పోసిన.