మాత్రలు ఆపించిన సాక్ష్యం

ఆ ఆదివారం మా ఆయన ప్రార్థన తొందరగా ముగిసింది. నాకు భయం పుట్టింది అప్పుడే.

ఉరవకొండ దగ్గర పల్లెలో మా సంఘానికి ఆయన పాస్టరు. వాన కోసం ప్రార్థన మొదలుపెడితే ప్రతి ఇంటి పేరూ, ప్రతి చేను పేరూ ఎత్తనిదే ఆమెన్ అనరు. ఆ రోజు రెండు మాటలు అని, ఊపిరి తీసుకుని, ఆమెన్ అనేశారు. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

బయట అందరూ సంతోషంగా ఉన్నారు.

"ఏమప్పా, అయ్యగారు ఈ పొద్దు తొందరగా ఇడిసిపెట్టినారే!"

"దేవునికి కూడా ఆకలయినట్లుండాది లే!"

నాకు నవ్వు రాలేదు.

అంతకుముందు నుంచే సాయంత్రమైతే ఆయన ఒళ్ళు వెచ్చబడేది. పొడిదగ్గు ఉండేది. చెనిక్కాయ నూర్పిళ్ళ దుమ్ము వల్ల అనుకున్నాం. చొక్కా భుజాల మీద వదులైపోతుంటే, ఉపవాసాలు ఎక్కువ చేస్తున్నారని సర్దిచెప్పుకున్నాను. ఆదివారం తర్వాత ఇక ఆగలేకపోయాను. పోరుపెట్టి అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఎక్స్‌రే తీశారు. కఫం తీసుకుని స్పుటం టెస్ట్ చేశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "రెండు పక్కలా ప్యాచెస్ ఉన్నాయి. స్పుటం పాజిటివ్. టీబీ" అన్నారు. "భయపడొద్దమ్మా, మందుంది. కానీ కోర్సు పొడుగు. మధ్యలో ఆపితే మాత్రం నా దగ్గరికి రావద్దు."

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షను, ఐఎన్‌హెచ్ మాత్రలు. ఇంజక్షను కోసం ఉరవకొండకు బస్సులో పోయి వచ్చేవారు. ఆయన మాత్రలు అరచేతిలో పెట్టుకుని, అన్నం ముందర చేసినట్లే ప్రార్థన చేసి మింగేవారు. నాకు ఆ పాటి ప్రార్థన కూడా కుదిరేది కాదు. కళ్ళు మూసుకుంటే పక్కగదిలో పిల్లలు ప్రేమ, కరుణల్లో ఎవరు దగ్గారో అని చెవి అటే పోయేది. లేచి వెళ్ళి ఇద్దరి నొసళ్ళూ తాకి చూసేదాన్ని. వచ్చి పడుకుని, సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ వెళ్ళేదాన్ని.

కొన్ని నెలలకు జ్వరం పోయింది. దగ్గు పోయింది. చెంపలు నిండాయి. ఇంజక్షన్లు ఆపి మాత్రలు మాత్రం కొనసాగించమన్నారు. ఆ వారమే సాక్ష్యాల కూడిక జరిగింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే కూడిక అది. ఆయన కూడా లేచారు. "ప్రభువు నన్ను ముట్టినాడు. నాకు పూర్తిగా నయమయింది" అన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ ఏడ్చాను.

మరునాడు మాత్రలు, నీళ్ళు పెడితే ముట్టలేదు.

"నిన్న అంతమంది ముందర నయమయిందని సాక్ష్యం చెప్పి ఈ పొద్దు మాత్ర మింగితే, నేను అబద్ధం చెప్పినట్లు కాదా?"

"డాక్టరు ఆపమనలేదు కదండీ?"

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోలేను."

సంఘ పెద్ద యేసోబు కూడా ఆయన పక్కే మాట్లాడాడు. "అమ్మగారూ, సాక్ష్యం చెప్పినాక అనుమానపడకూడదు. మీరు సదువుకున్నోళ్ళు గదా, అందుకే అనుమానాలు ఎక్కువ."

బి.ఏ. చదివినందుకు ఆ మాట పడ్డాను. మాత్రల సీసా అలమరలోనే ఉండిపోయింది.

ఎండాకాలంలో ఒకనాడు పళ్ళు తోముకుంటూ ఆయన రక్తం కక్కారు.

"మందు ఆపినారా?" డాక్టరు ఆయన్ని వదిలి నన్ను అడిగారు.

"సాక్ష్యం చెప్పినారు సార్. అందుకని..."

"సాక్ష్యమా? యాడ, కోర్టులోనా?"

ఏడుపు మధ్యలోనే వివరించాను. డాక్టరు పెన్ను కింద పెట్టారు. "ఏం పాస్టరుగారూ, కేసు ఇంకా నడుస్తాంటే తీర్పు చెప్పేసినారా! జ్వరం పోవడం వేరే, జబ్బు పోవడం వేరే. పాత మందు ఇప్పుడు పనిచేస్తుందో లేదో నేను చెప్పలేను." తర్వాత నావైపు తిరిగి, "పిల్లల్ని తీసుకురండి" అన్నారు.

కరుణకు ఏమీ లేదు. ప్రేమకు టీబీ సోకిందో లేదో చూసే మాంటూ టెస్ట్ సూది వేసిన చోట చెయ్యి ఎర్రగా గట్టిపడింది. ఎక్స్‌రేలో చిన్న నీడ ఉందన్నారు. దానికీ మాత్రలు రాశారు.

ఇంటికి వచ్చి మాత్ర ఇస్తే ప్రేమ పెదాలు బిగించింది.

"నేను ప్రార్థన చేసుకున్నా. నాకు నయమయింది. నాయన మింగలేదు గదా?"

బెదిరించాను. బెల్లం ఆశ చూపాను. నోరు తెరవలేదు. ఆయన గోడకు ఆనుకుని అంతా చూస్తున్నారు. తర్వాత వచ్చి దాని ముందు కూర్చుని తన మాత్రలు తాను మింగారు.

"నాయన తప్పు చేసినాడు. నువ్వు చేయొద్దు తల్లీ."

అది ఆయన ముఖం చాలాసేపు చూసి, నోరు తెరిచింది.

ఆదివారం ఆయన సంఘం ముందు కూడా అదే చెప్పారు. యేసోబు లేచి, "మరి ముందు చెప్పిన సాక్ష్యమో, అయ్యగారూ?" అన్నాడు.

"పచ్చిచేను కోసినాను, యేసోబూ. పైరు ఇంకా పండలేదు."

కొందరు కొన్నాళ్ళు కూడికకు రాలేదు. యేసోబు వచ్చాడు.

రెండోసారి మందులు బలమైనవి. కడుపులో తిప్పేది, చెవుల్లో హోరు. కోర్సు అయ్యేదాకా ఆయన గానీ ప్రేమ గానీ ఒక్క పూట కూడా తప్పలేదు. నిన్న డాక్టరు తండ్రీకూతుళ్ళ ఎక్స్‌రేలు చూసి, "ఇంక ఆపండమ్మా" అన్నారు. విచిత్రం, ఇప్పుడు ఆపాలంటే నాకు భయం. ఆయన మళ్ళీ ప్రసంగిస్తున్నారు, కొంచెం ఆయాసంతో. నేను పాఠాలు చెప్పే బడిలో ఎవరు దగ్గినా నాకు ఉలికిపాటే.

ఇది చదివేవారికి ఒక్క మాట. రోగి కోసం ప్రార్థన చేయడానికి వెళ్ళినప్పుడు, ఆమెన్ అన్నాక లేచి వచ్చేయకండి. ఈ రోజు మాత్ర మింగారా అని అడిగి, మింగకపోతే నీళ్ళు అందించి రండి.

నిన్న రాత్రి పడుకునే ముందు ప్రేమ, "అమ్మా, ఇప్పుడు నేను సాక్ష్యం చెప్పొచ్చా?" అని అడిగింది. పొద్దున చెప్తాను పడుకో అన్నాను. తెల్లవారి ఇద్దరికీ జడలు వేస్తూ చెప్పాను.

"దేవుడు నయం చేసినాడని చెప్పండి. మాత్రలు మింగినామని కూడా చెప్పండి. కానీ మళ్ళీ ఎప్పుడైనా దగ్గొస్తే, ముందు నాకు చెప్పండి. దేవునికి తర్వాత చెప్పుకోవచ్చు."