పారాణి నాటికి లేని మచ్చ

మా రైల్వే ఆసుపత్రి చర్మం డాక్టరుగారు మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆయన భూతద్దం పెట్టి చూడని ఒళ్ళు లేదంటే నమ్మండి.

నేను ఆయన దగ్గర గుమాస్తాను. ఆయన కంప్యూటరు తెచ్చుకున్నాక పేషెంట్ల వివరాలు అందులో ఎక్కించడం నా డ్యూటీ అయింది. మచ్చ పక్కన చిన్న స్కేలు ముక్క పెట్టి ఫోటో తీసేవారు. కంప్యూటరు ఆ మచ్చ చుట్టూ ఆకుపచ్చ గీత గీసి, బొమ్మను సగానికి మడిచి, రెండు సగాలూ సరిపోయాయో లేదో చూసేది. అంచు ఎలా ఉంది, రంగులెన్ని అని లెక్కేసి, నేను ఎక్కించిన వివరాలు కూడా కలిపి చూసి, కేన్సరు అనుమానం ఉందో లేదో చెప్పేది. ఆ ప్రోగ్రాము ఆయన సెలవురోజుల్లో కూర్చుని సొంతంగా రాసుకున్నదే. డాక్టరు కొత్త టీవీ కొన్నాడని రైలింజన్ల షెడ్డువాళ్ళు నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు గానీ పని మాత్రం మానలేదు.

ఒకసారి మా అమ్మ ఎడమ అరికాల్లో మచ్చ గుచ్చుకుంటోందంటే తీసుకెళ్ళాను. కాగితంలో ‘పుట్టుకతో ఉందా?’ అని ఒక గడి. అడిగితే పుట్టుమచ్చే కదే అంది అమ్మ. నేను ‘అవును’ అని ఎక్కించేశాను. అన్నేళ్ళు అదే పని చేసినదాన్ని, నాకైనా బుద్ధుండొద్దూ! మన భాషలో ఒంటిమీద నల్లగా కనిపించిందల్లా పుట్టుమచ్చే. అది ఎప్పుడు పుట్టిందో ఎవరడుగుతారు? కంప్యూటరు భయం లేదంది. నేను హమ్మయ్య అనుకున్నాను.

డాక్టరుగారు తెర వైపు చూడలేదు. అమ్మ పాదం తన ఒళ్ళో పెట్టుకుని, అక్కను పిలిచినట్టు పిలిచి అడిగారు.

“అచ్ఛా అప్పా, నీ పెళ్ళిలో పారాణి ఎట్టినప్పుడు ఇది ఉందేటి?”

అమ్మ వంగి అరికాలు చూసుకుంది. “నేదు బాబూ. ఉంటే పారాణి ఎట్టిన మా వదిన ఎక్కిరించకుండా ఊరుకుంటాదేటి? ఇది మొన్నమొన్నటిదే.”

గడిలో ‘లేదు’ అని మార్చాను. కంప్యూటరు కూడా మాట మార్చింది. ఆయన నన్ను కసరకుండా కంప్యూటరు వైపు చెయ్యి చూపించారు. “దానికి తెలివి నేదమ్మాయ్, నమ్మకమే ఉంది. మనం ఏటి సెప్తే అదే నమ్ముద్ది” అన్నారు.

ముక్క తీసి పరీక్షకు పంపితే కేన్సరే. లోతుకు దిగకముందే మొత్తం కోసి తీయించారు. అంతా తేలేదాకా నేను తిన్నది ఒంటబట్టలేదు. ఆ తర్వాత మా కాగితంలో ప్రశ్నే మారిపోయింది. ఆడవాళ్ళకు ‘పెళ్ళినాటికి ఉందా?’, మగవాళ్ళకు ‘నౌకరీలో చేరేనాటికి ఉందా?’ అని. అలా అడిగితే ఎవరూ తడబడలేదు. ఇవాళ నాకు అమ్మ ఉందంటే ఆయన వల్లే.

మొన్న కబురు తెలిసి రిక్షా పిలవబోతే అమ్మ వద్దంది.

“ఈ కాలు ఆయన ఉంచిందే. నడిసే ఎల్దాం.”

కాలనీ ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా ఆగకుండా నడిచింది. డాక్టరుగారి క్వార్టరు ముందు అందరి చెప్పుల పక్కన తన చెప్పులు విడిచి, ఆ ఎడమకాలి మీదే బరువంతా మోపి మెట్టెక్కింది.