ఆవిడ పేరు పక్కన నా పేరు

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కామో లేదో నాకు ఒళ్లు మండటం మొదలైంది. మా ఆయన ఒక మలుపు దగ్గర కారు స్లో చేసి, "ఇక్కడే స్కూటర్ పంచరైపోయింది" అన్నారు నవ్వుతూ. ఆ స్కూటర్ మీద వెనకాల కూర్చున్నది నేను కాదు, ఆయన మొదటి భార్య. ఆవిడ జబ్బు చేసి పోయిన చాలా ఏళ్లకి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. మా ఇంట్లో అది తిరగబడింది.

మా ఆయన కేథలిక్. నేను విజయనగరం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్లని. కుట్టుపని నేర్చుకుని, సొంతంగా షాపు పెట్టుకుని, నలభై దాటాక రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకున్నాను. మా వెంకన్న నాకు, ఆయన మరియమ్మ ఆయనకి. దేవుళ్ల దగ్గర మాకెప్పుడూ పేచీ రాలేదు. పేచీ అంతా ఆవిడ దగ్గరే. పెళ్లికి ముందే మా అమ్మ చెప్పింది, "మట్టిబొమ్మయినా సవితి సవితేనే, సూసుకో" అని. నేను నవ్వేశాను.

వాళ్లిద్దరూ పెళ్లైన కొత్తలో స్కూటర్ మీద అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో ఉన్న చిన్నచిన్న చర్చిలన్నీ తిరిగారట. ఆవిడ పోయాక ఆయన ప్రతి నవంబరులో అదే దారిలో వెళ్లి, చర్చి చర్చికీ ఆవిడ పేరు ఇచ్చి పూజ చెప్పించుకుని వచ్చేవారు. నిరుటి దాకా ఒక్కరే వెళ్లారు. ఈసారి నేనూ వస్తానన్నాను. భక్తితో కాదు. అక్కడ అంతగా ఏం దాచుకున్నారో నా కళ్లతో చూడాలని.

మొదటి చర్చి టైడా దాటాక, రోడ్డు మీంచి కాస్త పైకి ఎక్కాలి. రేకుల కప్పు, పక్కన రాళ్లతో కట్టిన గుహలో మరియమ్మ. మా ఆయన వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఇంట్లో కూర బాగుందా అంటే తల ఊపే మనిషి, అక్కడ పెదాలు కదుపుతూనే ఉన్నారు. ఆ మరియమ్మతో ఏం చెప్పుకుంటున్నారు, నాతో చెప్పుకోలేనివి? నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డాను. పైగా ఆ విగ్రహానికి కట్టిన నీలం చీర ఆవిడ ఇచ్చిందేనని చర్చి ఊడుస్తున్న ముసలమ్మ వచ్చి మరీ చెప్పింది.

"ఆ అమ్మే కుట్టి తెచ్చింది. పండక్కీ, బాబొచ్చే నెలకీ కడతాం. తీసి దాస్తాం" అంది. తర్వాత నన్ను కిందా మీదా చూసి, "నువ్వేటవుతావమ్మా?" అంది.

నేను చీర అంచు తిరగేసి చూశాను. ఫాల్ చేత్తో కుట్టింది. ఒక్క కుట్టు కూడా పైకి కనపడదు. తప్పు పడదామని రెండో వైపు కూడా చూశాను. దొరకలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అరకు దాటాక రెండో చర్చి. చుట్టూ వలిసె పూలు పచ్చగా విరగబూసి, టూరిస్టులు చేలో దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. మా ఆయన అటు చూడనైనా చూడలేదు. తిన్నగా ఉపదేశి దగ్గరికి నడిచారు. ఉపదేశి అంటే ఫాదర్ ఊళ్లో లేనప్పుడు ప్రార్థనలు చెప్పించే మనిషి, ఆ ఊరి గిరిజనుడే. మా ఆయన ఆవిడ పేరు చెప్పారు. "ఆదివారం పూజలో సదివిస్తాను బాబూ. ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడతను.

"ఎవురూ లేరు" అన్నారు మా ఆయన.

నేను పక్కనే ఉన్నాను. భుజం భుజం రాసుకునేంత పక్కన. ఎవరూ లేరా? నేను రోజూ వండి పెట్టేది ఎవరికి? ఆయన చొక్కాలకి కాలర్ తిప్పి కుట్టేది ఎవరు? పోయినావిడ పేరు కొండకొండకీ మోగాలి, బతికున్నదాని పేరు నోట్లోంచి రాదు. కళ్లల్లో నిప్పులు పోసుకుని పాడేరు దాకా కూర్చున్నాను. "ఏటలాగున్నావు? కడుపు తిప్పుతోందేటి, ఘాట్ రోడ్డు కదా" అన్నారాయన. ఔనన్నాను.

శనివారం సాయంత్రానికి గూడెం కొత్తవీధి వైపు కాఫీ తోటల మధ్య ఉన్న మూడో ఊరికి చేరాం. మర్నాడు అక్కడే పూజ. ఆయన ఆవిడ పేరిచ్చి చెరువు వైపు నడిచారు. నేను చీర సర్దుకుని ఆ ఊరి ఉపదేశి దగ్గరికి వెళ్లాను. పూజలో పేరు చదవడమంటే నాకు తెలిసింది మా గుళ్లో అర్చనే. ఇంట్లో అందరి పేర్లూ చెబుతాం, పంతులుగారు చల్లగా ఉండాలని చదువుతారు. వీళ్లలో ప్రేమకొద్దీ పోయినవాళ్ల పేరు కూడా కలుపుతారు కాబోలనుకున్నాను.

"మా ఆయన చెప్పిన పేరు పక్కన ఇంకో పేరు చేర్చాలి" అని నా పేరు చెప్పాను. నాదేనని చెప్పడానికి సిగ్గేసింది.

"ఏటవుతారమ్మా మీకు?"

"మా ఇంటి మనిషే."

"వయసేటి?"

"నలభై అయిదు."

"పాపం, సిన్న వయసే" అన్నాడతను నిట్టూర్చి. సవతి పోరు పడుతున్న మనిషినని అతనికి ఎలా తెలిసిందా అనుకున్నాను. మనసు కొంచెం చల్లబడింది కూడా.

ఆదివారం చర్చి నిండిపోయింది. చాపల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. నా చుట్టూ తలలో పూలు పెట్టుకున్న ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు. ఫాదర్ ఆ ఊరికి కొత్త. మొదలుపెడుతూనే, "ఈ లోకం విడిచి వెళ్లిన ఈ ఆత్మలకు ప్రభువు నిత్య విశ్రాంతి దయచేయాలని ప్రార్థిద్దాం" అన్నారు. ముందు ఆవిడ పేరు. పక్కనే నా పేరు, ఇంటిపేరుతో సహా.

నవంబరు నెలంతా వాళ్లలో పోయినవాళ్లదని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తల దించుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను. ఎవరూ గమనించకపోతే బాగుండునని మా వెంకన్నకే మొక్కుకున్నాను.

మగవాళ్ల వైపు మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఫాదర్, ఆ మనిషి బతికే ఉంది" అన్నారు. ఇంకా గట్టిగా, "బతికే ఉంది ఫాదర్. అదిగో, అక్కడ కూసుంది" అన్నారు.

చర్చి అంతా నా వైపు తిరిగింది. పక్కనున్న ముసలావిడ నా చెయ్యి గిల్లి చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఫాదర్ తడబడి క్షమించమని, నా పేరు తీసి ఆయురారోగ్యాల కోసం మళ్లీ చదివారు. మా ఆయన మాత్రం తన చోటికి పోలేదు. మధ్యలో దారి దాటి ఆడవాళ్ల వైపు వచ్చి, నా చాప మీద కూర్చుని నా మణికట్టు పట్టుకున్నారు. అక్కడ ఏ మగాడూ అలా కూర్చోడు. ఆడవాళ్లు మొహాలు చూసుకుని కాస్త జరిగి చోటిచ్చారు. పూజ అయ్యేదాకా ఆయన వదల్లేదు. గాజులు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు.

పూజ అవగానే కారెక్కాం. చింతపల్లి దాటాక నేనే అన్నాను, "ఆవిడ పేరు అన్ని చోట్లా చెబుతారు. నా పేరు ఒక్క చోట చెప్పలేదు. కుళ్లు పుట్టింది."

ఆయన కారు పక్కకి ఆపారు.

"ఆవిడ పేరు అలాగ సదవడం మొదటిపాలి ఇన్నాను. సమాధి దగ్గర" అన్నారు. "ఇయాళ నీ పేరు ఇంటే నాకు కాళ్లాడలేదు. ఇంకెప్పుడూ అలాటి పని సెయ్యకు." తర్వాత అద్దం తుడవక్కర్లేకపోయినా తుడిచారు.

దిగే దారిలో ఇంకో చర్చి ఉంది. అలిసిపోయాం, మానేద్దామన్నారాయన. నేనే దిగి ఉపదేశిని పిలిచి ఆవిడ పేరు చెప్పాను. కుళ్లు పోయిందని కాదు, ఆ నీలం చీర కుట్టు ఇంకా కళ్లలోనే ఉంది.

"ఇంకెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడతను.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎవురూ లేరు" అన్నారు. "ఎవురూ లేరు."