లేసింది

ఖాజాగూడ గుట్టల్లో బండ ఉల్లిగడ్డలా పొరలుపొరలుగా ఉంటుంది. పైపొర మీద మంట పెట్టి కాచి, సుత్తెతో కొడుతూ పోతే అది అడుగు విడిచి పైకి లేస్తుంది. లేచిన చోట మోత మారుతుంది. సాయిలు ఆ మోత వినలేడు. రాళ్లు పేల్చే మందు అతని చెవులు తినేసింది. పేల్పించిన కంట్రాక్టర్లలో ఒక్కడూ అయ్యో అనలేదు. అందుకే అతను కొడుతుంటే భార్య చంద్రమ్మ పక్కన నిలబడి వినేది. మోత మారగానే "లేసింది!" అనేది. ఆమె పెదాలు చూసి సాయిలు సుత్తె ఆపేవాడు.

డెబ్బై రెండు కరువు ఎండల్లో చంద్రమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఒళ్లు కాలిపోతూ కళ్లు తెరవని మనిషిని గుడిసెలో వదిలి, గంజి కోసం సాయిలు ఒక్కడే గుట్టెక్కాడు. అతను ఆపకుండా కొడుతూనే ఉంటే, పక్క బండ మీద పనిచేసే నర్సింహ పరుగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"లేసింది అన్నా! లేసింది!"

బండ సంగతని సాయిలుకు తోచలేదు. సుత్తె పారేసి గుడిసెకు పరుగెత్తాడు. చంద్రమ్మ పడుకునే ఉంది. నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"జరం దిగిందే చంద్రమ్మా!" అని నవ్వాడు. జవాబు కోసం ఆమె పెదాల వైపే చూస్తూ కూర్చున్నాడు.