డిమ్నా గట్టు మీద తీతువు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. బడిలో జీవశాస్త్రం చెప్పుకునేదాన్ని. ఏ వింతకైనా ఎక్కడో ఓ కారణం ఉండే ఉంటుందనీ, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదనీ పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. ఇప్పుడు రాసేది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. ఆ రోజు అక్కడ లేకపోయుంటే నేనూ నవ్వేదాన్నే.

ఎనభైల మొదట్లో మాట. మేం జంషెడ్‌పూర్‌లో పర్సుడీహ్ వైపు ఉండేవాళ్ళం. మా ఆయనకి షిఫ్టు డ్యూటీ, నాకు బడి, ఇంట్లో మా మావయ్యగారు. ఆయన శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే ఇక్కడికొచ్చి, ఓ రోలింగ్ మిల్లులో చేరి, అందులోనే రిటైరయ్యారు. వయసుతో చెవులు కొంత మందగించాయి. తర్వాత ఓసారి విషజ్వరం వచ్చి, ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయింది. దీపావళికి పక్కనే టపాకాయ పేలినా తల తిప్పేవారు కాదు. అదేదో కొంచెం చెముడు అనుకునేరు, పూర్తిగా వినపడదు.

అత్తయ్యగారు పోయాక ఆయన మరీ ముడుచుకుపోయారు. ఆవిడ చివరి రోజు ఆయన వైపు చూసి ఏదో అన్నారట. ఆ గదిలో అప్పుడు ఇంకెవరూ లేరు. పెదాలు కదిలాయి గానీ ఏమన్నదో తెలీదని ఓసారి నాతో అని, ఆ పైన ఎప్పుడూ ఎత్తలేదు. పొద్దస్తమానం మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. నాకు అది చూస్తే కోపం వచ్చేది. ఎవరి మీద కోపమో అడక్కండి.

అప్పట్లో నేనూ, బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే సేన్‌బాబూ కలిసి ఆదివారం పొద్దున్న పిట్టల నడకలు నడిపేవాళ్ళం. తోటి టీచర్లూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ ఓ పదిమంది దాకా వచ్చేవారు. ఓ వారం సువర్ణరేఖ ఇసక తిన్నెలు, ఓ వారం దల్మా కొండ కింద సాల చెట్ల అడవి, ఇంకో వారం ఊళ్ళో పార్కు చెరువు. చోటు మారితే పిట్టలు మారతాయి, అందులో సరదా అదే. ఉన్నదొక్కటే బైనాక్యులరు. అది చేతులు మారేసరికి పిట్ట ఎగిరిపోయేది, అందరూ నన్ను తిట్టుకునేవారు.

మావయ్యగారిని కూడా తీసుకెళ్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. వినపడని మనిషిని అడవుల వెంట తిప్పుతావా, ఏమైనా అయితే ఎవరిది పూచీ అన్నాడు. నాదేనన్నాను. మొండిదాన్ని కదా, అంతటితో ఆ మాట ముగిసింది.

చిత్రం ఏమిటంటే, అందరికంటే ఆయనకే ఆ నడక బాగా అబ్బింది. పిట్టల దగ్గర మాట్లాడకూడదు, అది మా మొదటి నియమం. అంటే ఆ రెండు గంటలూ అందరూ ఆయనలాంటివాళ్ళే అన్నమాట. మిల్లులో చప్పుడుకి మాట వినపడదు కాబట్టి అక్కడి మనుషులు చేతులతోనే మాట్లాడుకుంటారు. చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆగమని, కిందికి ఊపితే నెమ్మదని, కంటి దగ్గర వేలు పెట్టి ఓ వైపు చూపిస్తే అటు చూడమని. ఆ సైగలన్నీ ఆయన మాకు నేర్పారు. నెల తిరిగేసరికి సేన్‌బాబు ఇంట్లో కూడా భార్యతో అరచెయ్యి చూపిస్తున్నాడట. ఆవిడ నాకు ఫిర్యాదు చేసింది.

ఒక్క పిట్టతోనే ఆయనకి పేచీ. నది ఒడ్డున ఓసారి తీతువు కనిపిస్తే చూడమని సైగ చేశాను. ఆయన మొహం తిప్పేసుకున్నారు. వాళ్ళ ఊళ్ళో తీతువు కూత చావుకబురంత చెడ్డది. అది వినపడితే ఉన్నచోటే ఆగి, ఉమ్మేసి, వెళ్తున్న పని మానుకుని వచ్చిన దారినే ఇంటికి పోవాలి. నేను వదులుతానా? అది నేల మీద గుడ్లు పెట్టుకుంటుంది, మనం దగ్గరికొస్తే వాటి కోసం గోల పెడుతుంది, అంతేనని ఆయనతో మాట్లాడే పలక మీద రాసి మరీ చెప్పాను. ఆయన చదివి, పలక నాకిచ్చేసి, కొంగల్ని చూడ్డానికి వెళ్ళిపోయారు.

ఇంతకీ ఆ రోజు సంగతి. చలికాలం. వరి కోతలు అయిపోతున్నాయి. డిమ్నా చెరువుకి బాతులు వచ్చాయని విని ట్రెక్కర్ జీపు మాట్లాడుకుని చీకటితోనే బయలుదేరాం. నది దాటే మాంగో వంతెన మీదికి వచ్చేసరికే మంచు పట్టేసింది. చెరువు చేరేసరికి తెల్లవారింది గానీ మంచు ఇంకా చిక్కబడింది. వెనక్కి పోదామా అని సేన్‌బాబు అడిగాడు. ఎండ పడితే విడిపోతుందిలే, ఈలోగా గట్టు వెంట నడుద్దామన్నాను.

ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క చేలు, ఆ పైన కనిపించని దల్మా కొండ. నాకు నాలుగడుగుల ముందు మావయ్యగారు. ఆయన చూపు చురుకైనదని ఎప్పుడూ ముందే నడిచేవారు. నా వెనక మిగతావాళ్ళు, చివర సేన్‌బాబు. నీళ్ళ మీంచి పరజ బాతుల గుంపు లేచిన రెక్కల చప్పుడు వినిపించింది. నేను అరచెయ్యి పైకెత్తాను. వెనకవాళ్ళంతా ఆగిపోయారు. గుంపు మా తలల మీంచి పోయేదాకా మంచులోకే చూస్తూ నిలబడ్డాం. ఇటు తిరిగేసరికి ముందు ఆయన లేరు.

సైగలకి ఎంత అలవాటుపడిపోయామంటే, ముందున్న మనిషి వీపుకి నా చెయ్యి కనిపించదనీ, ఆ మంచులో ఆయన వెనక్కి తిరిగినా లాభం లేదనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. నోళ్ళున్న మనుషులం చేతుల్ని నమ్ముకున్నాం.

కంగారేమీ పడలేదు మొదట. నాలుగు అడుగులు గబగబా వేస్తే కలుస్తాననుకున్నాను. అప్పుడే చేలలోంచి గట్టెక్కి ఓ ముసలాయన మా ఎదుటికి వచ్చాడు, ఆ పక్క ఊరి రైతు. మమ్మల్ని చూసి గొంతు తగ్గించి, ముందుకి పోవద్దన్నాడు. రాత్రి కొండ మీంచి ఏనుగులు పనలకి దిగాయట. మంద తిరిగిపోయింది గానీ ఓ తల్లీ పిల్లా గట్టు పక్కనే ఉండిపోయాయట. పిల్ల ఉంది కదా, తల్లి మంచిది కాదు అన్నాడు.

ఎవరైనా ఏం చేస్తారు? కేకేస్తారు. మేం కేకేస్తే ఆయనకి వినపడదు, ఏనుగుకి వినపడుతుంది. పరుగెత్తితే అదే బెదిరి ఆయన మీదికి వెళ్ళొచ్చు. ఏ పనీ చెయ్యడానికి లేకుండా గట్టు మీద నిలబడిపోయాం. ముందు నుంచి గడ్డి పరపరా పీకుతున్న చప్పుడు, మధ్యలో బరువుగా ఓ ఊపిరి వినిపించాయి. నేను అడుగు ముందుకి వేశాను. సేన్‌బాబు నా జబ్బ పట్టుకుని వదల్లేదు. పూచీ నాదేనన్న మాట ఒక్కటే నా తలలో తిరుగుతోంది. మా ఆయన మొహం కనిపిస్తోంది. ఆ భయం ఎలాంటిదో ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను సరిగ్గా చెప్పలేను.

ఎంతసేపో తెలీదు. మంచులోంచి మావయ్యగారు వచ్చారు. తలకి మఫ్లరు, పంచె పైకి కట్టి, విసవిసా నడుస్తూ, మొహం నిండా చిరాకు.

"పద పద, ఇంటికెల్దాం. తీతువరిసింది. పొద్దున్నే ఏటీ దరిద్రం."

నేను ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాను.  ఆయన ఏటలా సూత్తన్నావని గదిమారు. ఏనుగుకి మా సైగల్లో గుర్తు లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి తొండంలా ఊపాను. ఆయన ఓసారి వెనక్కి చూసి, అందరికంటే ముందు బండి వైపు నడిచారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి నాకు.

ఎండ వచ్చాక, తల్లీ పిల్లా కొండెక్కేశాయని రైతు చెప్పాక, సేన్‌బాబూ నేనూ అతనితో వెళ్ళి చూశాం. గట్టు మట్టి మీద మావయ్యగారి రబ్బరు చెప్పుల గుర్తులు సాఫీగా ముందుకి వెళ్ళి, ఓచోట రెండూ పక్కపక్కన ఆగి, వెనక్కి తిరిగి ఉన్నాయి. అక్కడి నుంచి మా ఇంటి పెరడంత దూరంలో గట్టుకి అడ్డంగా ఏనుగు అడుగులు, వాటి మధ్య చిన్నవి. తొక్కేసిన గడ్డి, ఇంకా ఆవిరి కక్కుతున్న లద్దె. ఇంకాస్త నడిచుంటే ఆయన దాని కాళ్ళ దగ్గరికే వెళ్ళేవారు. సేన్‌బాబు వంగి ఆ అడుగుల్ని ఇంకోసారి చూశాడు.

అసలు సంగతి నాకు అప్పటికీ తట్టలేదు. తిరుగుదారిలో మాంగోలో టీ కొట్టు దగ్గర ఆగాం. వేడి గ్లాసు చేతిలోకి తీసుకుని, ఎదురుగా బల్ల మీద కూర్చున్న ఆయన్ని చూస్తుంటే తట్టింది. గ్లాసు పక్కన పెట్టి, తీతువు కనబడిందా అని సైగ చేశాను.

"కనబళ్ళేదమ్మా. మంచులో ఏటి కనబడతాది? ముందట అరిసింది, ఇనబడింది."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆయన కూడా ఆగిపోయారు. గ్లాసు పెదాల దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. చుట్టూ బస్సుల హారన్లు, పక్క కొట్టులో రేకు మీద సుత్తి దెబ్బలు. ఆయన తల కాస్త వాల్చి వింటున్నారు. నా వైపు తిరిగి, ఓపాలి మాటాడు అన్నారు. "మావయ్యా" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. కొట్టువాడు కూడా తిరిగి చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే టీ తాగేశారు.

ఆ నడకలో ఉన్న ఒక్కొక్కళ్ళనీ అడిగాను. తీతువు కూత ఎవరూ వినలేదు. సేన్‌బాబు నిద్రలో లేపినా ఏ పిట్ట కూసిందో చెప్పగలడు. అతనూ వినలేదు. పైగా మేమందరం ఆ సమయంలో ఊపిరి బిగబట్టి, ఆ వైపే చెవులు పెట్టి ఉన్నాం. గడ్డి పీకే చప్పుడు విన్నవాళ్ళం, తీతువు గోల వినమా? చెరువు గట్ల మీద తీతువులు ఉండడం వింత కాదు. ఆ పొద్దున ఎండొచ్చాక మాత్రం మాకు ఒక్కటీ కనబడలేదు.

కారణాలు వెతక్కపోలేదు. ఏనుగు వాసన తగిలిందేమో అన్నాడు సేన్‌బాబు. నేల అదిరి పాదాలకి తెలిసిందేమో, లోపలున్న చిన్ననాటి భయం ఆ కూతగా అనిపించిందేమో అని నేను. అన్నీ బాగానే ఉన్నాయి. మావయ్యగారు మాత్రం వేటికీ ఒప్పుకోలేదు. వాసనా కాదు, నేలా కాదు, కూతే అన్నారు.

చెవులేమైనా తిరిగి వస్తున్నాయేమోనని ఆశపడి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అప్పుడే మా ఆయనకి కూడా సంగతంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. డాక్టరు చెవులకి యంత్రం తగిలించి, బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా అన్నీ వినిపించాడు. మావయ్యగారు ఒక్కదానికీ వేలెత్తలేదు. నరం పూర్తిగా చచ్చిపోయిందన్నాడు డాక్టరు. ఓ పిట్ట కూత వినపడే వీలుందా అని అడిగితే, పిట్ట సంగతి వదిలెయ్యండమ్మా, చెవి పక్కన రైలు కూసినా వినపడదు అన్నాడు.

బయటికొచ్చాక డాక్టరేమన్నాడని ఆయన అడిగారు. దాచాలనిపించలేదు. చెవి చూపించి, లేదని చెయ్యి ఊపాను. ఆయన బాధపడినట్టు లేదు. నా మొహంలోకి చూసి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు.

"మరైతే నన్నెనక్కి తిప్పిందెవులమ్మా?"

  పక్క నుంచి హారన్ కొడుతూ ఓ ఆటో వస్తోంది, ఆయన చూసుకోలేదు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆటో పోయాక ఇద్దరం రోడ్డు దాటాం. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఇంటి దాకా వదల్లేదు.