కొత్త ఫోన్‌లో మెరిసిన పసుపు: బాల్కొండ నుంచి ఆర్మూర్ దాకా

ఫోన్ కొని వారం కూడా కాలేదు. దాని ధర రాయను గాని, ఆ డబ్బుకు మా నవీపేట్‌లో మంచి మోటార్‌సైకిల్ వస్తుంది. నా ప్రయాణాల రాతలు చదివేవాళ్లు కొందరు చాలా రోజులుగా ఒకే మాట అడుగుతున్నారు. ఊళ్లు తిరిగేవాళ్లకు ఇంత ఖరీదైన ఫోన్ అవసరమా, ప్రకటనల్లో చెప్పే కెమెరా, బ్యాటరీ, దుమ్ముకు ఓర్చే గట్టితనం నిజంగా ఉంటాయా అని. ఏసీ దుకాణంలో అద్దాల బల్ల మీద ఏ ఫోనైనా బాగానే పనిచేస్తుంది. ఒక రోజంతా ఎండలో, దుమ్ములో తిప్పితే గాని సంగతి తేలదని నాకు అనిపించింది. సరిగ్గా అప్పుడే బాల్కొండ పక్క పల్లె నుంచి మా అక్క గంగామణి ఫోన్ చేసింది.

"తమ్మీ, కొత్త ఫోన్ కొన్నవట గదా. జర వచ్చి మా పసుపు ఫోటో తీసి పోరాదు. నా ఫోన్ల తీస్తే బూడిద కుప్ప లెక్క వస్తున్నది. ఆర్మూర్ల విఠల్ సేటు ఫోటో పెట్టమంటున్నడు."

విఠల్ సేటు పసుపు కమీషన్ వ్యాపారి. అక్క కాపురానికి వచ్చినప్పటి నుంచి వాళ్ల పసుపు అతని అడ్తి దుకాణానికే పోతుంది. ఈసారి ఉడకబెట్టిన కొమ్ములు కళ్లంలో ఆరుతుండగా వాన పడింది. పట్టాలు కప్పేలోగా తడిసిపోయాయి. మళ్లీ ఆరబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టించినా కొమ్ముల పైతోలు కొంచెం నల్లగానే ఉండిపోయింది. వెళ్లేసరికి నాకు తెలిసింది ఇంతే.

తెల్లవారుజామున నవీపేట్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో మారి, ఆర్మూర్‌లో ఇంకోసారి మారి బాల్కొండ చేరాను. నేరుగా బస్సు దొరికితే అదృష్టం, లేకపోతే ఇదే దారి. దిగి ఎక్కే చోటల్లా కాసేపు నిలబడాల్సి ఉంటుంది కాబట్టి మూడు గంటలు చేతిలో పెట్టుకోవాలి. టికెట్లకు నూట యాభై లోపే అవుతుంది. నిజామాబాద్‌లో ఎక్కిన ఆర్మూర్ బస్సులో చక్రం మీది సీటు దొరికింది. అంకాపూర్ దాటేదాకా మోకాళ్లు ముడుచుకునే కూర్చున్నాను. అయిదువందల నోటు ఇస్తే కండక్టర్ నా చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"అన్నా, గంత పెద్ద ఫోన్ పట్టుకొని చిల్లర లేదంటే ఎట్ల నమ్మాలె?"

వెనక సీటు ఆయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను గాని నిద్ర చాలక ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. దారిపొడవునా వీడియో తీసినా, మ్యాపు తెరిచే ఉంచినా బాల్కొండలో దిగేసరికి బ్యాటరీ పెద్దగా తగ్గలేదు. ఆ విషయంలో ప్రకటన అబద్ధం చెప్పలేదు.

కళ్లం ఊరి బయట ఉంది. ఒకవైపు రెండో విడత పసుపు ఉడుకుతోంది. మా బావ ఆవిరి డ్రమ్ముల దగ్గర నిలబడి, నన్ను చూసి చేయి ఊపి మళ్లీ పనిలో పడ్డాడు. అమ్మకానికి సిద్ధమైన కుప్ప ఇంకోవైపు ఉంది. కూలీలు సంచుల్లోకి ఎత్తుతున్నారు. ముక్కులోకి పోయే ఘాటు, చొక్కా మీద పడే పొడి. పది నిమిషాలకే నా వేళ్లకు పసుపు అంటుకుంది, ఇక వేలిముద్రకు ఫోన్ తెరుచుకోలేదు. చేతులు కడుక్కున్నా పలకలేదు. చివరికి అంకెలు కొట్టి తెరిచాను. పసుపు పనిచేసేవాళ్లు వేలిముద్ర మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఎండలో కుప్ప ముందు కూర్చుని ఫోటో తీశాను. తెర మీద చూసి అక్క కళ్లు చిట్లించింది.

"గిది మనదేనా? గింత మంచిగున్నదా?"

నిజానికి కంటికి కనిపించేదాని కంటే ఫోటోలో పసుపు ఎక్కువగా మెరుస్తోంది. అది నేనూ గమనించాను. ఎండకు నా కళ్లు సరిగా ఆనడం లేదేమో, కెమెరా మంచిది కాబట్టి అసలు రంగు పట్టుకుందేమో అనుకున్నాను. అక్క ఫోన్‌కు పంపితే ఆమె దాన్ని సేటుకు పంపింది. టీ తాగేలోపే సేటు ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"గంగామణీ, మస్తుగున్నదమ్మా సరుకు. మహారాష్ట్ర పార్టీకి చూపెట్టిన, వాళ్లకు నచ్చింది. లారీ ఇయ్యాల సాయంత్రమే పోతది. జల్ది పట్టుకొని రా."

"సేటూ, వానకు తడిసింది. రంగు జర తగ్గింది, ముందే చెప్తున్న."

"నువ్వు ఏటా ఏదో ఒకటి అంటవ్. ఫోటో కనవడ్తలేదా నాకు? బంగారం లెక్క ఉన్నది." అని ధర చెప్పాడు. అది అక్క అనుకున్నదానికంటే ఎక్కువ. డ్రమ్ముల దగ్గరికి పోయి బావకు చెప్పి వచ్చి, కూలీలను తొందరపెట్టింది.

సంచులు నిండేలోపు ఫోన్ ఒకసారి నా చేతిలోంచి జారి పసుపు పొడిలో పడింది. తుడిచి చూస్తే స్పీకరూ, చార్జింగ్ పెట్టే రంధ్రమూ బాగానే ఉన్నాయి. దుమ్ముకు తట్టుకుంటుందన్నది నిజమే. ఎండ సంగతి వేరు. మధ్యాహ్నానికి ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, తెర దానంతటదే మసకబారింది, చల్లబడే దాకా కెమెరా తెరుచుకోదని రాసి చూపింది. నీళ్ల కుండ పక్కన నీడలో పెట్టాను. నేనూ అక్కడే కూలబడ్డాను.

సాయిలు అనే డ్రైవర్ సరుకులు మోసే డీసీఎం బండి తెచ్చాడు. నేను, అక్క ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. హైవే ఎక్కాక ఆర్మూర్ ఎంతో దూరం కాదు. కాల్చి పేర్చినట్టుండే నల్లరాళ్ల గుట్ట కనిపిస్తే వచ్చేసినట్టే. మూడు దాటాక సేటు అడ్తి ముందు బండి ఆగింది. లారీ అప్పటికే అక్కడ ఉంది, సగం నిండి.

ఈ అడ్తిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన రైతు సరుకైతే ప్రతి సంచీ మూతి విప్పించి చూస్తారు. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లదైతే ఒకటి రెండు సంచులు చూసి తూకానికి కాంటా పెట్టేస్తారు. మిగతావి మాట మీద పోతాయి. అక్క సంచులు ఇన్నేళ్లలో ఎప్పుడూ రెండు దాటి విప్పలేదు.

సేటు మొదటి సంచీలో మోచేతి దాకా చేయి పెట్టి పిడికెడు కొమ్ములు తీశాడు. వెలుగులో చూశాడు. ఒకటి విరిచాడు. టప్పున విరిగింది, లోపలి రంగు బాగానే ఉంది. రెండో సంచీ విప్పించాడు. జేబులోంచి తన ఫోన్ తీసి ఫోటో పక్కన కొమ్ములు పెట్టి చూశాడు.

"గంగామణీ, గీ కుప్ప ఎవరిది?"

"మాదే సేటు."

"గీ సంచులు మీవే, నాకు ఎరుకనే. ఫోటోల ఉన్న కుప్ప ఎవరిదని అడుగుతున్న."

హమాలీలు ఇద్దరు సంచులు మోయడం ఆపి మావైపు చూశారు. అక్క నా చేయి పట్టి ముందుకు లాగింది.

"తమ్మీ, ఇక్కడ్నే తియ్యి ఫోటో. సేటు ముందల్నే తియ్యి."

తీశాను. తెర మీద అదే మెరుపు. అదే సంచీ, అవే కొమ్ములు, రంగు మాత్రం వేరే. సేటు నా ఫోన్ తీసుకుని ఒకసారి తెరను, ఒకసారి సంచీని చూశాడు. సాయిలు వెనక నుంచి మెడ చాచాడు.

"అన్నా, నాకు సంబంధాలు చూస్తున్నరు. నా ఫోటో గూడ గీ ఫోన్లనే తియ్యే. పిల్ల ఒక్కపారికే ఒప్పుకుంటది."

"పెళ్లయినంక ఎదురుంగ కూసుంటది గదరా, అప్పుడేం జేస్తవ్?" అన్నాడు ఒక హమాలీ. నవ్వారు. సేటు నవ్వలేదు.

"నేను ముందే చెప్పిన గద సేటూ, వానకు తడిసిందని," అంది అక్క.

"చెప్పినవ్. ఫోటో గట్ల కనవడ్తుంటే మాట ఎవడు ఇంటడమ్మా?" అని, మహారాష్ట్ర పార్టీకి ఫోన్ చేశాడు. కాస్త దూరం పోయి మాట్లాడినా వినిపిస్తూనే ఉంది. అతను కూడా అక్కలాగే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు. వాళ్లు వద్దన్నారు. లారీలో మిగిలిన జాగాకు వేరే రైతు సరుకు ఎక్కించమన్నాడు. మా సరుకును తనే తీసుకుంటానని ధర చెప్పాడు. పొద్దున చెప్పింది కాదు. నల్లబడిన సరుకుకు ఇచ్చేది.

అక్క బేరం ఆడలేదు, సరేనంది. సేటు హమాలీల వైపు తిరిగి, "రెండు సంచులు చూసినం గదా, కాంటా పెట్టుండ్రి," అన్నాడు.

"ఆగుండ్రి. అన్నీ విప్పుండ్రి," అంది అక్క.

"ఎందుకమ్మా? ఫోన్ మాయ అని తెలిసె గదా."

"కుప్ప ఎవరిదని అడిగినవ్ సేటూ. అడిగినంక రెండు సంచులు చూస్తే సరిపోదు."

"విప్పుడు, మళ్ల కుట్టుడు... మాకు డబల్ పని అక్కా," అని గొణిగాడు హమాలీ.

"కూలి నేనిస్త. విప్పు."

వాళ్లు కదలకపోతే తనే ఒక సంచీ మూతి తాడు పళ్లతో లాగి విప్పింది. తర్వాత వాళ్లు కూడా చేయి వేశారు. ఒక్కో సంచీ విప్పడం, అక్క చేయి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీసి సేటుకు చూపడం, అతను తల ఊపడం. అన్నీ ఒకే తీరు. ఏ సంచీ అడుగునా వేరే సరుకు లేదు. సగం అయ్యాక సేటు, "చాలు గంగామణీ, నాకు సిగ్గయితున్నది," అన్నాడు. అక్క ఆగలేదు. చివరి సంచీ కూడా చూపించాకే చేతులు దులుపుకుని పక్కన మెట్టు మీద కూర్చుంది. అప్పుడు కాంటా మొదలైంది. అదంతా చూస్తూ నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఒక్క ఫోటో తీయలేదు.

చీకటి పడేవేళకు బస్టాండుకు నడిచాం. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు లేవు కాబట్టి అక్క ఆధార్ కార్డు చూపించి బాల్కొండ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చోగానే బావ ఫోన్ చేశాడు. "అమ్మినం," అంది అక్క. నన్ను ఒక మాట అంటే బాగుండేది.

నిజామాబాద్ బస్సులో నిలబడి వస్తూ, మీకు ఏం రాయాలా అని ఆలోచించాను. బ్యాటరీ చెప్పినట్టే ఉంది. దుమ్ముకు ఓర్చింది, మన ఎండకు ఓర్వలేదు. వేలిముద్ర పొలం పనివాళ్లకు పనికిరాదు. కెమెరా చాలా గొప్పది, గుట్టలకు, చెరువులకు, పెళ్లిళ్లకు అంతకంటే మంచిది నేను చూడలేదు. కాని అది అందంగా చూపాలని చేసిన కెమెరా, ఉన్నది ఉన్నట్టు చూపాలని చేసింది కాదు. వాన పడిందని ఒక మనిషి నోటితో చెప్పింది, ఫోన్ కాదని చూపించింది, అంతా ఫోన్‌నే నమ్మాం. అక్క మాట తెలిసినవాణ్ని, నేనే నమ్మాను. ఆ రోజు అడ్తిలో విప్పిన సంచులన్నీ ఆ నమ్మకం వల్లే విప్పాల్సి వచ్చింది.

పసుపో, మక్కలో, మరేదైనా అమ్మే సరుకు ఫోటో తీసేవాళ్లకు ఒకటే సలహా. కెమెరా సెట్టింగుల్లో రంగులను దానంతటదే సరిదిద్దే ఏర్పాటును ముందు ఆపేయండి. ఆపినా సరే, ఆ ఫోటో మీద ధర ఒప్పుకోకండి. ఒక పిడికెడు సరుకు చిన్న సంచీలో కట్టి, ఆర్మూర్ వైపు పోయే తెలిసినవాళ్ల చేతికిచ్చి ముందు పంపండి.