ఒక చప్పుడా, రెండా

మా వంటింట్లో గ్యాస్ పొయ్యి పాతది. నాబ్ తిప్పితే టిక్‌టిక్‌మని నిప్పురవ్వ పడుతుంది కానీ మంట వెంటనే అంటుకోదు. మొన్న ఆదివారం పొద్దున కాఫీకి నీళ్ళు పెడుతూ ఆ రవ్వకీ మంటకీ మధ్య అలాగే నిలబడిపోయాను. రవ్వ పడింది. కాస్త ఆగి మంట భగ్గుమంది. "రెండు" అన్నాను పైకే. ఇంట్లో ఎవరూ లేరు. ఒక గరాజ్‌లో పీల్చిన గంధకం పొగ వాసన కూడా వచ్చినట్టనిపించింది. నిజంగా రాలేదని తెలుసు. యాదగిరి అంకుల్ పోయి పది నెలలైంది.

ఆయన్ని ఎరగని వాళ్ళకు ముందు ఆయన పని గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ఫిట్టర్‌గా మొదలై, వయసులో ఉండగానే అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రానికి వచ్చారు. కోళ్ళ ప్రాసెసింగ్ యంత్రాలకు విడిభాగాలు చేసే షాపులో, పెద్ద పెద్ద ప్రెస్సుల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా కాంట్రాక్టు మీద ఆ రాష్ట్రంలోనే ఉన్న బెంటన్‌విల్ వచ్చిన కొత్తలో, ఒకరోజు హార్డ్‌వేర్ షాపులో నిలబడి అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. కుర్చీకి ఊడిపోయిన మర కోసం, దాని ముక్క ఒకటి పట్టుకుని వెళ్ళాను. "ఏదో బోల్టమ్మా, ఎంత వెతికినా దొరకడం లేదు" అంటుంటే, వెనక నుంచి ఒక గొంతు అవసరమైనదానికంటే చాలా గట్టిగా పలికింది.

"బోల్ట్ గాదు బిడ్డా, సెట్ స్క్రూ. బోల్ట్ అని అడిగితే వీళ్ళు నీకు జిందగీల ఇయ్యరు."

ఉలిక్కిపడి ఫోన్ పెట్టేశాను. ఆయన నా చేతిలోని కుర్చీ ముక్కను తీసుకుని తిప్పి చూశారు. "ఆంధ్రానా?"

"అవునండీ, కాకినాడ."

"అండీ గిండీ వద్దు. అంకుల్ అను, లేకుంటే ఏమనకు. ఇవి మా ఇంట్ల డబ్బా నిండ ఉన్నయి. కొనకు, రా."

అలా ఆ గరాజ్‌కి వెళ్ళాను. లోపల కారు లేదు. బల్ల, దానికి ఇనుమును బిగించి పట్టే వైస్, గోడకు వరసగా ఆకురాళ్ళు, ఉలులు, అవిసెనూనె వాసన. మూలన నిలబెట్టి నాలుగు పొడుగాటి తుపాకులు. నేను గుమ్మంలోనే ఆగిపోవడం చూసి నవ్వారు. "భయపడకు. నేను కోడిని గూడ కొట్టలే. కాయితానికే కొడత." షాపులో ఒక ముసలి సహోద్యోగి ఎప్పుడో ఆయన్ని పాతకాలపు తుపాకుల పోటీ చూడ్డానికి తీసుకెళ్ళాడట. గొట్టం మూతిలోంచి మందు దట్టించి, గుండు దించి, చెకుముకి రాయితో పేల్చే తుపాకులు. గుండు ఎక్కడ తగిలిందో ఆయన చూడలేదట. తుపాకి పక్కన బిగించిన యంత్రాన్ని చూస్తూ ఉండిపోయారట. దాన్ని ఇక్కడ లాక్ అంటారు. తాళం కాదు. అరచేతిలో ఇమిడే ఇనుప పలక, దాని మీద రాయిని పళ్ళతో కరిచి పట్టుకున్న కొక్కెం. ట్రిగ్గర్ నొక్కితే ఆ రాయి ఎదురుగా ఉన్న ఉక్కు రేకును గీరుతుంది, రవ్వలు కింద చిన్న గిన్నెలోని మందు మీద పడతాయి, ఆ మంట సూది బెజ్జమంత రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందును పేలుస్తుంది. చెకుముకి అన్న మాటను నేను పుస్తకాల్లోనే చదివాను. ఆయన వాళ్ళ తాత చుట్ట ముట్టించుకునే సంచిలో ఆ రాయిని చూశారు.

ఆ తర్వాత దాదాపు ప్రతి శనివారం వెళ్ళేదాన్ని. పనేమీ చెప్పేవారు కాదు. స్టూల్ మీద కూర్చుని ఆయన ఆకురాయి పట్టడం చూసేదాన్ని. ఆయన భార్య అండాలు ఆంటీ టీ తెచ్చి ఇచ్చి, ఆయన వీపు వైపు చూసి, "పొద్దుగాల నుంచి పిలుస్తున్న. ఇనుము పిలిస్తే పలుకుతడు, నేను పిలిస్తే పలకడు" అని వెళ్ళిపోయేది. ఆంటీ నా భుజం దాకా వస్తుంది. ఆయనతోపాటు ప్రతి పోటీకీ వెళ్ళేది కానీ ఆ తుపాకులు ఆమె చేతులకు పొడుగు. "నా అంత తుపాకి చెయ్యరాదా?" అని ఇరవై ఏళ్ళుగా అడుగుతోందట. ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ తుపాకి చెక్కభాగానికని ఒక మేపుల్ కలప పలకను ఆరబెడుతున్నారు. అందులో పులిచారల్లాంటి గీతలున్నాయి. చివరికి ఒక వసంతంలో దాన్ని బల్ల మీదికి దించారు. చేతులు అప్పటికే కాస్త వణుకుతున్నాయి. "ఇది ఆఖర్ది" అన్నారు మామూలుగా.

సమస్య లాక్ దగ్గర వచ్చింది. బల్ల మీద రెండున్నాయి. చిన్నది సన్నగా, పలక చివర తోకలా వంగి చాలా ముచ్చటగా ఉంది. విడిభాగాలు తెచ్చి ఆయనే నెల రోజులు కూర్చి, పాలిష్ పట్టారు. రెండోది పెద్దది, మొద్దుగా ఉంది. చిన్న తుపాకికి చిన్న లాకే అందం. దానికోసం చెక్కను సన్నగా దించాలి. దించాక అది సరిపడలేదని పెద్దది పెడదామంటే చెక్క మిగలదు. మేపుల్ పలక ఉన్నది ఒక్కటే.

"మరి అందం చూసి చిన్నది పెట్టెయ్యొచ్చుగా?" అన్నాను.

"చిన్నదాంట్ల స్ప్రింగ్ చిన్నది, రాయి చిన్నది. రవ్వలు తక్కువ పడ్తే మందు సోయి లేకుండ అంటుకుంటది. రాయి గీకినంక పేలెదాంక సందు ఉంటది చూడు, గా సందుల చెయ్యి కదుల్తది, గురి పోతది. మంచి లాక్‌కి ఒకటే చప్పుడు. చెడ్డదానికి రెండు." కాసేపు వైస్ బిగించి వదులు చేశారు. తర్వాత నా వైపు చూడకుండా, "నాకు రాయి చప్పుడు వినవడ్తలేదు బిడ్డా. సన్న చప్పుళ్ళు పోయినయి. ఢాం అన్నదొక్కటే వినవడ్తది. అందుకే అన్నీ నాకు ఒకటే చప్పుడు" అన్నారు.

తర్వాత ఎన్నో మాటలు విన్నాను కానీ, ఒక పనివాడు అంత నెమ్మదిగా అలాంటి మాట చెప్పడం మళ్ళీ వినలేదు. ఆ ముచ్చటైన లాక్‌కి చిటికెడు మందు పెట్టి పేల్చి చూడాలి, నేను పక్కన కూర్చుని ఒకటో రెండో చెప్పాలి. అదీ ఆయన అడిగింది. "నీ ఉద్యోగం గూడ గదే గదా, పాసా ఫెయిలా చెప్పుడు" అన్నారు.

మర్నాడు ఆదివారం గరాజ్ తలుపు ఎత్తి, వైస్‌లో చిన్న లాక్ బిగించారు. పదిసార్లు. మొదటి నాలుగూ ఒకటే చప్పుడు. అయిదోసారి తేడా విన్నాను. టక్కుమంది, ఆ తర్వాత భుస్సుమంది. రెండూ విడివిడిగా. తలెత్తి చూస్తే ఆయన నా పెదవుల వైపే చూస్తున్నారు. ఆ నెల రోజుల పాలిష్, చివర్న ఆ తోక, నల్లబడ్డ ఆ వేళ్ళు. "ఒకటే అంకుల్" అన్నాను. ఏడోసారీ రెండే. "ఒకటే" అన్నాను. తొమ్మిదోసారీ అంతే. ఆయన పదిసార్లూ సుద్దముక్కతో బల్ల మీద ఒకే గీత గీశారు. పెద్ద లాక్‌ను వైస్‌కి ఎక్కించనేలేదు. "రేపు చెక్కల దీనికి గూడు గీస్త" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

పెద్దవాళ్ళు ముచ్చటపడి చేసింది బాగాలేదని అనకూడదన్నది మా ఇంట్లో ఎవరూ నేర్పకుండానే వచ్చే చదువు. ఉప్పెక్కువైన కూరను కూడా మేం రెండోసారి అడిగి వేయించుకుంటాం. ఆ రాత్రి నాకు నేను అదే చెప్పుకున్నాను. ఆంటీ ఏమైనా యుద్ధానికి వెళ్తుందా, ఒక సందుంటే ఏం అనుకున్నాను. అయినా పొద్దున్న ఆఫీస్‌కి బయల్దేరిన కారు వాళ్ళ వీధిలోకే తిరిగింది.

ఆయన చెక్క మీద పెన్సిల్ గీతలు పూర్తిచేసి, ఉలికి పదును పెడుతున్నారు.

"అంకుల్, ఆగండి. అయిదోసారి రెండు. ఏడు, తొమ్మిది కూడా రెండే."

ఆయన వినలేదేమోనని దగ్గరికెళ్ళి మళ్ళీ చెప్పాను. విన్నారు. ఉలి బల్ల మీద పెట్టారు.

"నిన్న ఎందుకు చెప్పలే?"

"మీరు బాధపడతారని..."

"నేను నీ చెవులు అడిగిన బిడ్డా," అన్నారు. గొంతు పెంచలేదు. "నీ మర్యాద అడగలే. మర్యాద నాకు మస్తు మంది ఇస్తరు."

ఆ వాక్యం తర్వాత నేను కూర్చోవాలో వెళ్ళాలో తెలియలేదు. టీ కప్పులతో వచ్చిన ఆంటీ ఇద్దరి ముఖాలూ చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆమె రెండు లాకులూ చేతిలోకి తీసుకుని చూసి, చిన్నదాన్ని పక్కన పెట్టేసింది. "పేలేది నా చెంప పక్కన. అందం ఎవనిక్కావాలె? నా చేతులు అసలే ఆగవు, సందు దొరికితే గుండు సరిహద్దు దాటి మిసోరీ పోతది. పెద్దదే పెట్టు."

"అది పెడితే తుపాకి పొట్ట పెరిగినట్టయితది" అన్నారాయన.

"నీకున్నది గదా, దానికుంటె ఏమాయె?"

అప్పుడాయన నవ్వారు. వైస్‌కి పెద్ద లాక్ ఎక్కించారు. ఆ రోజు ఆఫీస్‌కి ఆలస్యంగా వెళ్ళాను. పదికి పది ఒకే చప్పుడు. ఈసారి ఒక్కోదానికీ "నిజమేనా?" అని అడిగారు, నేను ఒక్కోదానికీ "నిజం" అన్నాను. విసుక్కోవడానికి నాకు హక్కు లేదు.

చెక్క పనికి వేసవంతా పట్టింది. తుపాకి నిజంగానే పొట్టతో తయారైంది, ఆయన దాని ముఖం చూసినప్పుడల్లా పెదవి విరిచేవారు. మొదటిసారి పేల్చిన రోజు ఊరి బయట మైదానంలో నేను కూడా ఉన్నాను. ఆంటీ ఒక కన్ను మూసి, ట్రిగ్గర్ నొక్కింది. తెల్లటి పొగ లేచింది. ఆయన కాగితం వైపు చూడలేదు, నా వైపు తిరిగారు. నేను ఒక వేలు చూపించాను. ఆయన తలూపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయ్యా, తగిలిందా లేదా ఎవరన్న చెప్పుండ్రి!" అని పొగలోంచి ఆంటీ అరుస్తోంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె దాంతోనే కాల్చింది. కాల్చిన ప్రతిసారీ ఆయనే ఇంటికొచ్చి దాన్ని కడిగేవారు. తుపాకిమందు మసి ఇనుమును తినేస్తుంది, అదే రోజు వేడినీళ్ళతో కడగాలి. ఆ పనికి ఆంటీని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

పోయిన చలికాలం అంకుల్ జబ్బుపడి చేరిన ఆసుపత్రిలో డాక్టర్ వచ్చి మాట్లాడినప్పుడు నేను నోట్స్ రాసుకుంటున్నాను. మాస్కు వెనక నుంచి తొందర తొందరగా చెప్పాడు. అంకుల్ అన్నింటికీ తలూపారు. వినపడనివాళ్ళు ఊపే ఊపు అది, నాకు బాగా తెలుసు. డాక్టర్ వెళ్ళగానే కాలిఫోర్నియా డబ్లిన్‌లో ఉన్న వాళ్ళమ్మాయి కవిత ఫోన్ చేసింది. డాక్టర్ చెప్పినప్పుడు ఆమె కూడా ఫోన్ లైన్‌లో విన్నది. "అక్కా, నాన్నకి వినపడలేదు కదా? గుడ్. చెప్పకు ప్లీజ్. హోప్ పోతుంది. నేను ఫ్లైట్ బుక్ చేశాను, నేను వచ్చి స్లోగా చెప్తా." ఏడుస్తోంది. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. మంచం దగ్గరికి తిరిగి వచ్చాను.

"ఏమన్నడు?" అన్నారు.

ఆంటీ కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆయన నా పెదవులు చూసేలా కూర్చున్నాను. "మందు ఇస్తారట అంకుల్, కానీ దాంతో నయం కాదన్నారు. వారాల్లోనే అనుకోమన్నారు. నెలలు అనలేదు."

చాలాసేపు దుప్పటి అంచును వేళ్ళతో సరిచేశారు. ఆ తర్వాత, "మంచిది. ఇంటికి పోదాం. మీ ఆంటీకి తుపాకి కడుగుడు రాదు" అన్నారు.

ఇంటికొచ్చాక మూడు వారాలున్నారు. గరాజ్‌లో దిండ్లు వేసిన కుర్చీలో ఆయన, బల్ల దగ్గర ఆంటీ. లాక్ విప్పడం, గొట్టంలోకి వేడినీళ్ళు పోయడం, పాతబట్ట చుట్టిన కడ్డీతో తుడవడం, నూనె రాయడం. "అట్ల గాదు, ఉల్టా" అని ఆయన అంటే, "నువ్వు నోరు మూసుకో, నాకు చేతులున్నయి" అని ఆమె. నాలుగోసారికి ఆయనకు దిద్దడానికేమీ మిగల్లేదు. కవిత వచ్చిన రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మూడోరోజు వచ్చేసరికి తండ్రి పక్కన కింద కూర్చుని, విప్పిన మరల్ని వరసగా గుడ్డ మీద పేరుస్తోంది.

ఆ మూడు వారాలూ నేనిచ్చినవని ఆంటీ వచ్చినవాళ్ళందరితో అంటుంది. అది నిజం కాదు. వినడానికి నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టింది ఆయన. ఒకసారి తప్పు చెప్పినా మళ్ళీ అడిగింది ఆయన. ఇప్పటికీ ఎవరైనా నన్ను నమ్మి, తాము చేసింది చూపించి ఎలా ఉందని అడిగితే, బాగుందన్న మాటే ముందు నాలుక మీదికి వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, ఇంకోసారి చూస్తాను.